కల (పదం)

'కల' అనే పదం పరస్పర సంబంధం లేని మూడు భాషాకుటుంబాలలో వేర్వేరు అర్థాలతో కనిపిస్తుంది.

* తెలుగు (ద్రావిడ): స్వప్నము. తమిళ 'కనవు', కన్నడ 'కనసు' దీని సోదర పదాలు. 'బుద్ధి కల' అన్నప్పటి 'కల' వేరు. అది 'కలుగు' ధాతువుకు చెందినది.
* ఫిన్నిష్, ఎస్టోనియన్ (యురాలిక్): చేప. హంగేరియన్‌లో ఇదే 'హల్' అయినది.
* హవాయి (ఆస్ట్రోనేషియన్): విప్పు, క్షమించు. తోక మొదట పదునైన ముళ్ళుండే ఒక సముద్రపు చేపకు కూడా ఇదే పేరు.

== పోలిక, బంధుత్వం ==
ఫిన్నిష్, హవాయి పదాలు రెండూ చేపను సూచించడం కాకతాళీయం. హవాయి భాషలోని 'క' పూర్వపు 'త' నుండి ఏర్పడినది. హంగేరియన్‌లో మాత్రం పదాది 'క' పలు మాటలలో 'హ'గా మారినది. అందువలన పోలిక తక్కువైన 'హల్' ఫిన్నిష్ 'కల'కు బంధువు. అచ్చంగా పోలిన హవాయి 'కల' కాదు. పదాల బంధుత్వాన్ని నిర్ణయించేది క్రమబద్ధమైన ధ్వనిమార్పులే.