ఇండిపెండెంట్ అంటే ఎవరు? చిత్తూరు, తిరుపతి ఎన్నికల్లో పార్టీ ముద్ర ఎంతవరకు?

1983 అసెంబ్లీ ఎన్నికల మీద కేంద్ర ఎన్నికల సంఘం ఇచ్చిన గణాంకాల నివేదికలో తిరుపతి ఫలితం చూస్తే ఒక వింత కనబడుతుంది. గెలిచింది ఎన్.టి. రామారావు. పేరు పక్కన పార్టీ గడిలో ఉన్నది మాత్రం ‘స్వతంత్ర’ అని. అచ్చుతప్పేం కాదు. తెలుగుదేశం పార్టీ పుట్టింది 1982 మార్చి 29న. 1983 జనవరి 5న పోలింగ్ జరిగేనాటికి దానికి ఎన్నికల సంఘం గుర్తింపు లేదు. అందుకే సైకిల్ గుర్తు మీద గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసినవాళ్లంతా ఆ నివేదికలో ఇండిపెండెంట్లుగానే నమోదయ్యారు. ఆ ఏడాది మన రాష్ట్రంలో అన్ని వందల మంది స్వతంత్రులు గెలిచారా అని ఎవరైనా ఆశ్చర్యపోతే, కారణం ఇదే.

ఈ ఒక్క ఉదాహరణ చాలు, ‘ఇండిపెండెంట్’ అనే మాటకు చట్టంలో ఉన్న అర్థం వేరు, వీధిలో మనం అనుకునే అర్థం వేరు అని తెలియడానికి. చట్టం దృష్టిలో ఏ పార్టీ బీ-ఫారం లేకుండా పోటీలో మిగిలినవాడు ఇండిపెండెంట్, అంతే. అందులో టికెట్ దొరక్క తిరగబడ్డ రెబెల్ ఉంటాడు. నిజంగానే ఏ పార్టీ గొడవా వద్దనుకున్న మాస్టారో, వకీలో ఉంటాడు. ప్రత్యర్థి పేరును పోలిన పేరు ఉందని ఎవరో తెచ్చి నిలబెట్టిన డమ్మీ కూడా ఉంటాడు. ముగ్గురికీ ముద్ర ఒకటే.

చిత్తూరు పట్టణంలో ఈ మాట ఎత్తితే పెద్దవాళ్లకు మొదట గుర్తొచ్చేది సీకే బాబు. అసలు పేరు సి.కె. జయచంద్రారెడ్డి. 1989లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీచి, ఆ పార్టీకి 181 సీట్లు వచ్చాయి. చిత్తూరులో మాత్రం కాంగ్రెస్‌నూ, టీడీపీనీ పక్కనపెట్టి ఇండిపెండెంట్‌గా ఆయన గెలిచారు. తర్వాత కాంగ్రెస్‌లోకి వచ్చారు. 1994లో ఎన్టీఆర్ దెబ్బకు కాంగ్రెస్ రాష్ట్రం మొత్తం మీద 26 సీట్లకు పడిపోయింది. ఆ 26లో చిత్తూరు ఒకటి, గెలిచింది మళ్లీ ఆయనే. 1999లోనూ అంతే. 2004లో వై.ఎస్. గాలిలో కాంగ్రెస్ రాష్ట్రాన్ని ఊడ్చేసినప్పుడు చూడండి, చిత్తూరు సీటు టీడీపీ అభ్యర్థి ఏ.ఎస్. మనోహర్‌కు పోయింది. 2009లో సీకే బాబు కాంగ్రెస్ తరఫున తిరిగి గెలిచారు. గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా ఇరవై ఏళ్లు నడిచింది ఈ ఊరు. ఆయన రాజకీయం మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, ఇప్పటికీ చిత్తూరులో దాని మీద వాదనలు జరుగుతాయి. కానీ ఆ ఓట్లు పార్టీ పేరుకు పడినవి కావని మాత్రం ఈ అయిదు ఫలితాలు చూసినవాళ్లు ఒప్పుకోవాలి.

మరి ఇండిపెండెంట్లు ఇప్పుడెందుకు కనబడటం లేదు? లెక్క చూస్తే తగ్గుదల స్పష్టంగా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1967లో 287 మంది ఎమ్మెల్యేల్లో 68 మంది స్వతంత్రులు. 1972లో 57 మంది. 2009కి వచ్చేసరికి 294లో ముగ్గురు మిగిలారు. విభజన తర్వాత 2014లో టీడీపీ టికెట్ దక్కని ఎస్.వి.ఎస్.ఎన్. వర్మ పిఠాపురంలో ఇండిపెండెంట్‌గా గెలిచారు. 2019లో, 2024లో 175 మందిలో ఒక్కరు కూడా లేరు.

డబ్బు ఒక కారణం, అది అందరికీ తెలిసిందే. దానికి తోడు నిబంధనలు కూడా పార్టీ అభ్యర్థికే అనుకూలంగా ఉంటాయి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి నామినేషన్‌ను ఆ నియోజకవర్గపు ఓటరు ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. ఇండిపెండెంట్‌కు పది మంది సంతకాలు కావాలి. అందుకే టికెట్ మీద అనుమానం ఉన్న నాయకులు ముందుజాగ్రత్తగా పది సంతకాలతో ఇంకో సెట్ కూడా వేసి పెట్టుకుంటారు. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోపు బీ-ఫారం అందకపోతే, ఆ రెండో సెట్టే దిక్కు.

డిపాజిట్ మాత్రం అందరికీ సమానం: అసెంబ్లీకి 10,000, లోక్‌సభకు 25,000; ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఓడినవాళ్లకు ఆ డబ్బు తిరిగి రాదు. ఓటింగ్ యంత్రం మీద వరస కూడా సమానం కాదు. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు పైన, గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీలవాళ్లు వాళ్ల కింద, ఇండిపెండెంట్లు అందరికంటే అడుగున. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి పోలింగ్‌కు ముందు చనిపోతే ఆ ఎన్నిక వాయిదా పడుతుంది. ఇండిపెండెంట్ చనిపోతే పడదు. స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చు పార్టీ ఖాతాలోకి పోతుంది, ఇండిపెండెంట్‌కు ఆ వెసులుబాటూ లేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు గుర్తు. ఇండిపెండెంట్ ఉచిత గుర్తుల జాబితా నుంచి మూడు కోరుకోవచ్చు, ఏది వస్తుందో చివరిదాకా తెలియదు. వచ్చాక పోలింగ్‌కు మిగిలేది రెండు వారాలే. చదువు రాని నానమ్మకు ఏళ్ల తరబడి చెయ్యి, సైకిల్, ఫ్యాను తెలుసు. కొత్త గుర్తు చెప్పి ఒప్పించడానికి ఆ రెండు వారాలు ఏ మూలకు? ఇది పెద్ద పార్టీలకూ తగిలిన దెబ్బే. 2021 తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో బీజేపీ అభ్యర్థికి జనసేన మద్దతిచ్చింది. జనసేన గుర్తుగా జనానికి తెలిసిన గాజు గ్లాసు మాత్రం నవతరం పార్టీ అనే చిన్న పార్టీ అభ్యర్థికి వెళ్లింది. జనసేనకు అప్పటికి గుర్తింపు లేదు, పోటీలోనూ లేదు కాబట్టి గ్లాసు ఉచిత జాబితాలో ఉండిపోయింది. ‘గ్లాసుకు వేయండి’ అని రెండేళ్ల ముందు ఊరూరా చెప్పినవాళ్లు ఈసారి ‘గ్లాసుకు వేయకండి’ అని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక పార్టీ ముద్ర ఉన్నవాళ్ల సంగతి. పాత చిత్తూరు జిల్లా చరిత్రలో ఆ ముద్ర ఎంత తేలికగా మారుతుందో చూస్తే ఇండిపెండెంట్లను ఎగతాళి చేయాలనిపించదు. చంద్రబాబు నాయుడు 1978లో చంద్రగిరి నుంచి గెలిచింది కాంగ్రెస్ తరఫున. 1983లో అక్కడే టీడీపీ అభ్యర్థి చేతిలో ఓడి, తర్వాత అదే పార్టీలో చేరారు. చింతా మోహన్ తిరుపతి ఎంపీగా తొలిసారి 1984లో గెలిచింది టీడీపీ నుంచి. ఆ తర్వాతి గెలుపులన్నీ కాంగ్రెస్ నుంచి. డి.కె. ఆదికేశవులు 2004లో టీడీపీ ఎంపీగా చిత్తూరు నుంచి గెలిచి, 2008 జులైలో విశ్వాస పరీక్షలో పార్టీ విప్‌ను కాదని మన్మోహన్ ప్రభుత్వం వైపు ఓటేశారు. వరప్రసాదరావు తిరుపతి లోక్‌సభకు 2009లో ప్రజారాజ్యం తరఫున, 2014లో వైసీపీ తరఫున, 2024లో బీజేపీ తరఫున నిలబడ్డారు. 2019లో చిత్తూరు వైసీపీ ఎమ్మెల్యేగా ఉన్న ఆరణి శ్రీనివాసులు 2024లో తిరుపతి జనసేన ఎమ్మెల్యే అయ్యారు. సత్యవేడులో కోనేటి ఆదిమూలం 2019లో వైసీపీ, 2024లో టీడీపీ. నియోజకవర్గం మారలేదు, మనిషీ మారలేదు.

తిరుపతి ఓటర్లకైతే ఓటు వేయకుండానే ఎమ్మెల్యే పార్టీ మారిపోయిన అనుభవం ఉంది. 2008 ఆగస్టులో ప్రజారాజ్యం పుట్టింది తిరుపతి సభలోనే. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. 2011లో పార్టీ మొత్తం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రైలింజను గుర్తుకు వేసిన ఓటు రెండేళ్లలో చెయ్యి ఖాతాలోకి చేరింది. 2012 ఉప ఎన్నికలో ఆ సీటు వైసీపీకి చెందిన భూమన కరుణాకర్ రెడ్డికి వెళ్లింది.

ముస్లిం కుటుంబాలకు ఇంకా దగ్గరి ఉదాహరణ మదనపల్లె. 2009లో కాంగ్రెస్ నుంచి షాజహాన్ బాషా, 2019లో వైసీపీ నుంచి నవాజ్ బాషా, 2024లో టీడీపీ నుంచి మళ్లీ షాజహాన్ బాషా గెలిచారు. పదిహేనేళ్లలో మూడుసార్లు ముస్లిం అభ్యర్థి, మూడుసార్లూ వేరే పార్టీ. ‘ముస్లింల ఓటు ఫలానా పార్టీకే’ అని టీవీల్లో లెక్కలు చెప్పేవాళ్లు మదనపల్లె దగ్గర కాస్త ఆగాలి.

ఫిరాయింపుల చట్టం ఉంది కదా అని అడగొచ్చు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. పార్టీ టికెట్ మీద గెలిచినవాడు స్వచ్ఛందంగా పార్టీ వదిలినా, విప్ ధిక్కరించి ఓటేసినా సభ్యత్వం పోతుంది. ఇండిపెండెంట్‌కు నియమం వేరు: గెలిచాక ఏ పార్టీలో చేరినా అనర్హుడే. బయటనుంచి మద్దతివ్వొచ్చు, మంత్రి కూడా కావచ్చు, చేరకూడదు. ఈ నియమాన్ని మనసులో పెట్టుకునే 2024లో హిమాచల్ ప్రదేశ్‌లో ముగ్గురు ఇండిపెండెంట్ ఎమ్మెల్యేలు ముందు రాజీనామా చేసి, బీజేపీలో చేరి, ఉప ఎన్నికలకు వెళ్లారు. ముగ్గురిలో ఒక్కరే తిరిగి గెలిచారు.

మన దగ్గర చూడండి. 2014లో వైసీపీ మీద గెలిచినవాళ్లలో 23 మంది ఎమ్మెల్యేలు టీడీపీ వైపు వెళ్లారు. పలమనేరు ఎమ్మెల్యే ఎన్. అమర్‌నాథ్ రెడ్డి అందులో ఒకరు, 2017లో మంత్రి అయ్యారు. కదిరి ఎమ్మెల్యే చాంద్ బాషా ఇంకొకరు. ఒక్కరి మీద కూడా అనర్హత పడలేదు, ఎందుకంటే తేల్చాల్సింది స్పీకర్. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. చట్టం కాగితం మీద కఠినంగానే ఉంది. నా అభిప్రాయంలో మాత్రం, నిర్ణయం స్పీకర్ చేతిలో ఉన్నంతకాలం అధికార పార్టీ వైపు దూకేవాడికి భయం లేదు, దాని బరువంతా మద్దతు లేని ఒంటరి ఇండిపెండెంట్ మీదే పడుతుంది.

ఊరి స్థాయిలో కథ తిరగబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. చట్టప్రకారం అక్కడ ఎవరికీ పార్టీ లేదు. కానీ 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల ఫలితాలు వచ్చిన రాత్రే పార్టీలన్నీ ఎవరి లెక్క వాళ్లు ప్రకటించుకున్నాయి. ‘మేము బలపరిచిన అభ్యర్థి’ అనే మాట అలా పుట్టిందే. ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపాలిటీలకు వస్తే పార్టీ గుర్తులు ఉంటాయి. తిరుపతి కార్పొరేషన్‌ను 2021 మార్చిలో వైసీపీ దాదాపు మొత్తంగా గెలిచింది. 2025 ఫిబ్రవరిలో అదే కౌన్సిల్ టీడీపీ మనిషిని డిప్యూటీ మేయర్‌గా ఎన్నుకుంది.

ఓటరు విషయానికి వద్దాం. మన ఓటరు జాబితాలో పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి, పార్టీ గడి ఉండదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఓటరుగా నమోదయ్యేటప్పుడే పార్టీ రాయించుకోవచ్చు. అక్కడ గాలప్ సర్వేల్లో తాము ఏ పార్టీ కాదు, ఇండిపెండెంట్లమని చెప్పేవాళ్లు నలభై శాతం పైనే ఉంటున్నారు. మన దగ్గర ఆ గడి చట్టంలో లేకపోయినా పార్టీ కార్యకర్తల చేతిలోని జిరాక్స్ కాపీలో ఉంటుంది. ఇంటింటికీ తిరిగి ‘మనోళ్లు’, ‘వాళ్లోళ్లు’, ‘న్యూట్రల్’ అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు. మొహల్లాల్లో ఈ పని ఇంకా సులువుగా జరిగిపోతుంది, ఇంటిపేరు, ఒంటిపేరు చూసి వీధి మొత్తానికి ఒకే గుర్తు పెట్టేస్తారు. దాంతో ఒక పార్టీ ‘వీళ్లు మనకెలాగూ వేస్తారు’ అని రాదు, ఇంకొకటి ‘ఎలాగూ వేయరు’ అని రాదు. డ్రైనేజీ కాలువ అలాగే ఉంటుంది. ఓటు రహస్యమే అయినా వీధికి వేసిన గుర్తు రహస్యం కాదు.

అలాంటి వీధిలో ఒక ఇండిపెండెంట్ వచ్చి తలుపు తడితే ఏం చూడాలి? అభ్యర్థి ప్రతి ఒక్కరూ ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. ఆస్తులు, అప్పులు, చదువు, పెండింగ్ కేసులు అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో పేరు కొడితే ఎవరైనా చదువుకోవచ్చు. పది మంది ప్రతిపాదకులు ఎవరో కూడా నామినేషన్ పత్రంలోనే ఉంటుంది. ఆ పది పేర్లూ ఏ ఊరివి, ఏ వీధివి, వాళ్లు పోయినసారి ఎవరి వెనక తిరిగారు అన్నది ఊళ్లోవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. అతను రెబెలా, డమ్మీయా, నిజంగా ఒంటరిగా వచ్చినవాడా అన్నది చాలావరకు అక్కడే బయటపడుతుంది. ఉపసంహరణ గడువు ముగిసే దాకా కూడా ఆగి చూడండి, పోటీ నుంచి తప్పుకుని ఎవరికో జై కొట్టే ఇండిపెండెంట్లు తేలేది ఆ సాయంత్రమే.