శోకము, శుశ్రూష, వనాంతము

దుఃఖితుడగు మానవుడు చెట్టుచేమలకడ ఊరట వెదకుట ఆదికావ్యమునుండియు మనకు పరిచితమే. అయినను ఆలంకారికులు వెన్నెలను, మలయమారుతమును, కోకిలారవమును ఉద్దీపనవిభావములుగా పరిగణించుటచేత, ప్రకృతి విరహశోకమును రగుల్కొల్పునదియే యను భావము మన కావ్యములయందు బలపడినది. వాల్మీకియందు రెండును గలవు. చిత్రకూటమును చూచుచుండగా రాజ్యభ్రంశము తన్ను బాధింపకున్నదని సీతతో పలికిన రాముడే, ఆమెను గోల్పోయిన పిమ్మట పంపాతీరమున వసంతమును చూచి తాళలేక విలపించెను. అపు డాతని నోదార్చి, ప్రస్రవణగిరిపై వానకాలమంతయు కనిపెట్టియుండినవాడు లక్ష్మణుడు. అచటి వర్షర్తువర్ణనము రామునినోట వెలువడినది. లక్ష్మణునికి ఆ మేఘము లెట్లు తోచెనో కవి చెప్పలేదు. ఆ లోటు తీర్చినవారు మన స్త్రీలు. పదునాలుగేండ్లు అన్నకు కాపుండి వచ్చిన మరదిని ఇకనైన భార్యకడకు పంపుమని సీత రాముని వేడుకొను ఘట్టమును 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో వారు తరతరములుగా పాడుకొనుచున్నారు. ఈ యొక్క విషయమున పాటయే కావ్యముకంటె సూక్ష్మదర్శి యని నా నమ్మకము.

కావ్యమునుండి రోగిశుశ్రూషకు వత్తము. 1859లో ఫ్లారెన్సు నైటింగేలు ఇండ్లలో రోగులను కనిపెట్టుకొనియుండు స్త్రీలకై వ్రాసిన పుస్తకమున, పువ్వులును కిటికీలోనుండి కనబడు దృశ్యమును రోగికి మేలుచేయునని నొక్కిచెప్పెను.

పరిచారకుడును, శోకార్తుడును ఒక్కరేయైన తార్కాణము రవీంద్రనాథ ఠాకూరు. 1902లో భార్య మృణాళినీదేవి మంచము పట్టగా, ఆయన ఇంచుమించు రెండు మాసములు విసనకఱ్ఱ చేతబూని తానే రేయింబవళ్లు పరిచర్య చేసెను. ఆమె నవంబరులో గతించెను. మరుసటియేడు కుమార్తె రేణుకకు క్షయ ముదిరెను. ఆ వ్యాధికి మందు లేని దినములవి; కొండగాలియే చికిత్సయని వైద్యుల విశ్వాసము. మన మదనపల్లెకడ క్షయచికిత్సాలయమగు ఆరోగ్యవరము వెలసినదియు ఆ విశ్వాసముచేతనే. ఆయన బిడ్డను హిమాలయములలోని అల్మోడాకు గొనిపోయి, ఆమె శయ్యచెంతనుండియే 'శిశు' గీతములను వ్రాసెను. కొండగాలి బిడ్డను బ్రదికింపలేదు. 1907లో చిన్నకుమారుడు శమీంద్రుడును మరణించెను. ఆ మరునాటి రాత్రి రైలులో వచ్చుచు, ఆకాశము వెన్నెలతో నిండియుండుటను, దానియందు ఏ కొఱతయు లేకుండుటను చూచితినని, 1932లో కొడుకును గోల్పోయిన కుమార్తె మీరాదేవికి ఆయన లేఖ వ్రాసెను. పూర్వులు ఉద్దీపకమని యెన్నిన ఆ వెన్నెలయే ఇచట శోకమును మోయుటకు బలమైనది.

ఇక పరిచారకునిగూర్చి శాస్త్రమేమనెనో చూతము. పరుల సేవలో మనస్సు ఎండిపోవుటను 1974లో అమెరికాలో మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బర్గరు శాస్త్రీయముగా వర్ణించెను. అదియును ఉచితవైద్యశాలలలో పనిచేయువారినిగూర్చియే గాని, ఇంటివారినిగూర్చి కాదు. ప్రకృతి చేయు మేలును కొలువబూని, 1984లో పరిశోధకుడు రోజరు ఉల్రిచ్, పెన్సిల్వేనియాలోని యొక ఆసుపత్రిలో పిత్తాశయపు శస్త్రచికిత్స పొందిన 46 మంది వివరములను పరిశీలించి, కిటికీనుండి చెట్లు కనబడిన 23 మంది, ఇటుకగోడ కనబడిన 23 మందికంటె త్వరగా ఇల్లు చేరిరనియు, వారికి తీవ్రమైన నొప్పిమందులు తక్కువగా పట్టెననియు ప్రకటించెను. ఆసుపత్రులలో తోటలు పెంచుటకు నేటికిని ఆ పరిశీలననే ప్రమాణముగా చూపుదురు. అందు లెక్కకు వచ్చినవారు రోగులు మాత్రమే. వారి సహాయకులు కారు.