చీటీ తీస్తే ప్రజాస్వామ్యం, ఓటేస్తే?

మన దగ్గర పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరికి సమానంగా ఓట్లొస్తే అధికారులు చీటీలు వేసి తీస్తారు. మర్నాడు పేపర్లో అదొక వింత వార్త. ఓటుతో తేలకపోతే తప్ప చీటీ జోలికి పోకూడదని మనందరి నమ్మకం. క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్స్ పౌరుడికి ఈ నమ్మకమే వింతగా తోచేది. ఆయన లెక్కలో చీటీ ప్రజాస్వామ్యం, ఓటు కొద్దిమంది పెద్దల పద్ధతి.

అరిస్టాటిల్ 'పాలిటిక్స్'లో ఈ మాట ఏ దాపరికమూ లేకుండా రాశాడు. పదవుల్ని లాటరీతో నింపడం ప్రజాస్వామ్య లక్షణం, ఎన్నుకోవడం ఒలిగార్కీ లక్షణం అని. అప్పట్లో అదేమీ కొత్త సిద్ధాంతం కాదు, అందరూ అనుకునేదే.

ఏథెన్స్‌లో సభకు ఎజెండా తయారుచేసే కౌన్సిల్లో 500 మంది ఉండేవాళ్లు. 10 తెగల నుంచి 50 మంది చొప్పున, 30 ఏళ్లు దాటిన పౌరుల్లోంచి లాటరీ తీసేవారు. పదవి ఒక్క ఏడాదే. జీవితంలో రెండుసార్లకు మించి దక్కదు. కోర్టుల కోసం ఏటా 6000 మంది జ్యూరర్లను కూడా ఇలాగే తీసేవారు. దీనికోసం వాడిన రాతి పలక ముక్క ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. నిండా వరసగా చీలికలు, వాటిలో పౌరుల పేర్లున్న రేకులు గుచ్చేవారు. పక్క గొట్టంలోంచి పడే తెల్ల, నల్ల బంతుల్ని బట్టి ఏ వరస లోపలికి, ఏ వరస ఇంటికి అన్నది తేలేది.

ఇంత యాతన ఎందుకు? ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో వాళ్లకి బాగా తెలుసు కాబట్టి. పేరున్నవాడు, డబ్బున్నవాడు, మాటకారి. లాటరీకి వాగ్ధాటి పట్టదు, దానికి లంచం ఇవ్వడమూ కష్టం. అలాగని అన్నిటికీ లాటరీ కాదు. 10 మంది సేనానుల్ని మాత్రం ఎన్నుకునేవారు, యుద్ధం పని తెలిసినవాడికే అప్పగించాలి గనక. పెరిక్లీజ్ ఏళ్ల తరబడి పదవిలో ఉన్నది ఆ దారినే. ఇక స్త్రీలకీ, బానిసలకీ, బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లకీ ఈ ఆటలో చోటే లేదు. ఆ సమానత్వం హద్దు అది.

లాటరీని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఓడ నడిపేవాణ్ణి ఎవరైనా లాటరీ వేసి పెట్టుకుంటారా అని సోక్రటీస్ అడిగేవాడని జెనోఫోన్ రాశాడు. తమాషా ఏమిటంటే, క్రీ.పూ. 406లో ఆ సోక్రటీసే లాటరీలో వచ్చిన కౌన్సిల్ సభ్యుడు. ఎన్నికైన సేనానులందరినీ కట్టగట్టి ఒకే ఓటుతో శిక్షించాలని సభ ఊగిపోతుంటే, అది చట్టవిరుద్ధమని ఆయనొక్కడే అడ్డుపడ్డాడు. సభ వినలేదు. మరో ఏడేళ్లకి లాటరీలో వచ్చిన జ్యూరీయే ఆయనకి మరణశిక్ష వేసింది. లాటరీ తెలివికి హామీ కాదు. అది చూసేది వంతు సంగతి.

ఈ ఆలోచన ఏథెన్స్‌తోనే పోలేదు. ఫ్లోరెన్స్ రిపబ్లిక్‌లో అర్హుల పేర్లు సంచుల్లో వేసి, రెండేసి నెలల పదవులకు తీసేవారు. 1748లో మాంటెస్క్యూ కూడా లాటరీ ప్రజాస్వామ్యానిదీ, ఎన్నిక కులీనులదీ అనే రాశాడు. ఆ తర్వాత 50 ఏళ్లు తిరక్కుండానే అమెరికాలోనూ, ఫ్రాన్స్‌లోనూ విప్లవాలొచ్చాయి. కొత్త రాజ్యాంగాలు రాసుకున్నారు. లాటరీ ఊసే లేదు!

దేశాలు పెద్దవి కావడం ఒక కారణం. కానీ అసలు సంగతి వేరే ఉందంటాడు బెర్నార్డ్ మానిన్ అనే ఫ్రెంచ్ పండితుడు. అప్పటికి ప్రశ్నే మారిపోయింది. 1689లో అచ్చయిన లాక్ పుస్తకం నాటికి, అధికారం చెల్లాలంటే పాలితుల సమ్మతి కావాలన్న మాట బలపడింది. లాటరీ వంతు ఇస్తుంది గానీ సమ్మతి తెలపదు. ఓటు తెలుపుతుంది. 'పాలించే వంతు ఎవరికి?' అన్న చోట 'ఎవరి పాలనకి ఒప్పుకుంటాం?' అన్నది వచ్చి కూర్చుంది.

వాళ్లు దీన్ని ప్రజాస్వామ్యం అని పిలవలేదన్నది గుర్తుంచుకోవాలి. మాడిసన్ 1787లో తమది రిపబ్లిక్ అనీ, డెమోక్రసీ కాదనీ విడమరిచి చెప్పాడు. జనాభిప్రాయాన్ని ఎన్నికైన కొద్దిమంది వడకట్టడమే అందులోని మేలన్నాడు. 1789లో సియెస్ ఫ్రాన్స్ గురించీ అదే అన్నాడు. ఎన్నికలకి ప్రజాస్వామ్యమన్న పేరు స్థిరపడింది 19వ శతాబ్దంలో. వస్తువు పాతదే, పేరు మారింది.

సమ్మతి చిన్న విషయం కాదు. ఏథెన్స్ బయట నిలబెట్టినవాళ్లందరూ లోపలికి వచ్చింది ఓటు హక్కు కోసం పోరాడే. కానీ వంతు అన్న ఆలోచన పోయాక, పాలన మనలాంటివాళ్ల పని కాదన్న భావం నిశ్శబ్దంగా స్థిరపడింది. బ్రిటిష్ ప్రజలు ఎన్నికల రోజున మాత్రమే స్వతంత్రులని 1762లోనే రూసో ఎత్తిపొడిచింది దీన్నే.

2016లో ఐర్లండ్ 99 మంది మామూలు పౌరుల్ని లాటరీ పద్ధతిలో ఎంచి, గర్భస్రావ చట్టం గురించి చర్చించమంది. పార్టీలు దశాబ్దాలుగా ముట్టుకోవడానికి జంకిన విషయం అది. వాళ్లు వారాంతాల్లో కూర్చుని, డాక్టర్లనీ, లాయర్లనీ, రెండు పక్షాలవాళ్లనీ విని, నిషేధం మార్చాలన్నారు. 2018 రెఫరెండంలో 66 శాతం పైగా జనం అదే మాటన్నారు. ఆఖరి నిర్ణయం ఓటుదే. కానీ ఆ ఓటు దాకా విషయాన్ని నడిపించినవాళ్లలో, ఎవరికీ ప్రచారం చేసుకోనివాళ్లూ, మళ్లీ గెలవాల్సిన పని లేనివాళ్లూ ఉన్నారు.