రాణిగారి టంకశాలలో ఓడిపోయిన మర

లండన్ టవర్, 1572. కోటలోని టంకశాలలో పరీక్ష జరుగుతోంది. ఒకవైపు సుత్తె పనివాళ్లు. రెండోవైపు పారిస్ నుంచి వచ్చిన ఎలోయ్ మెస్ట్రెల్, అతని మర.

సుత్తె పని మోటు పని. మొద్దులో దిగ్గొట్టిన కింది అచ్చు మీద వెండి బిళ్ల పెట్టి, పై అచ్చు ఆనించి, బలంగా ఒక్కటివ్వాలి. చెయ్యి కదిలిందా, ఎలిజబెత్ రాణికి రెండు ముక్కులు! బిళ్ల జరిగితే సగం అక్షరాలు గల్లంతు. ట్యూడర్ నాణేలు సేకరించేవాళ్లు ఇప్పుడు ఈ తప్పుల్నే భూతద్దం పెట్టి మురిసిపోతారు. ఆ రోజుల్లో మాత్రం వంకర అంచు దొంగలకు వరం. కాస్త వెండి కత్తిరించుకున్నా ఎవరికీ తెలిసేది కాదు.

అసలే జనానికి నాణెమంటే నమ్మకం పోయింది. రాణి తండ్రి ఎనిమిదో హెన్రీ ఖజానా నింపుకోవడానికి వెండిలో రాగి కలిపించాడు. పైపూత అరిగి రాజు ముక్కు ఎర్రబడితే, జనం ఆయనకు ‘రాగిముక్కు’ అని పేరు పెట్టేశారు. ఆ చెడ్డ డబ్బునంతా కరిగించే పనిని రాణి 1560లో తలకెత్తుకుంది. మరుసటి ఏడే మెస్ట్రెల్ మర తిరగడం మొదలైంది.

స్క్రూ బిగించి నొక్కే మర అది. అందులోంచి వచ్చిన ఆరు పెన్నీల నాణెం చక్కని గుండ్రం. రాణి తల వెనక గులాబీ రేకులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. సుత్తె పనివాళ్లకు కంటగింపు కాక ఏమవుతుంది?

పరీక్ష ముగిసింది. టంకశాల వార్డెన్ రిచర్డ్ మార్టిన్ లెక్క తేల్చాడు. మర 22 నాణేలు కొట్టేసరికి సుత్తెలు 280 కొట్టాయి. నాణ్యత చూసుంటే తీర్పు తిరగబడేదేమో, చూసింది సంఖ్య. మెస్ట్రెల్ కొలువు ఊడింది.

అతని మీద మచ్చ ముందే ఉంది. 1569లో దొంగనాణేల కేసులో బంధువు ఫిలిప్‌ను టైబర్న్‌లో ఉరితీశారు. ఎలోయ్ క్షమాభిక్షతో బయటపడ్డాడు. కొలువు పోయాక చేతిలో విద్య మిగిలింది, దాన్ని చూపే చోటు లేదు. 1578లో అదే నేరం కింద నార్విచ్‌లో అతన్నీ ఉరితీశారు.

టవర్‌లో సుత్తెలు మరో 84 ఏళ్లు మోగాయి. రెండో చార్లెస్ కాలంలో, 1662లో, మర మళ్లీ వచ్చింది. ఈసారి సుత్తెలే సెలవు తీసుకున్నాయి.