కరువు పట్టాల మీద పండుగ బండి

పశ్చిమ ప్రకాశంలోని దొనకొండ మీదుగా పోయే రైలు దారి కరువులో పుట్టింది. 1876లో మొదలై 1878 దాకా దక్షిణ దేశాన్ని పీల్చి పిప్పి చేసిన ఆ కరువు ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి తెలుగువాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప సీమల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. రేవు పట్నాల్లో ధాన్యం దిగినా లోపలి ఊళ్ళకు చేర్చే సరైన దారి లేదు. బండి కట్టడానికి ఎడ్లు కూడా మిగల్లేదు, మేత లేక అవీ పోయాయి. 1880లో కరువు కమిషన్ చేసిన సిఫార్సుల్లో ముఖ్యమైనది కరువు సీమలకు రైలు వేయాలన్నది. 1882లో ఏర్పడ్డ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ చేతుల మీదుగా బళ్ళారి వైపు నుంచి కృష్ణ ఒడ్డుకు మీటర్ గేజ్ దారి పడింది. 1890 ప్రాంతానికి గుంతకల్లులో ఎక్కినవాడు నంద్యాల దాటి, నల్లమల కనుమల్లోంచి గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు చేరగలిగాడు.

గింజల మూటల కోసం వేసిన ఆ దారి రెండు తరాలు తిరిగేసరికి పిల్లల దారి అయింది. పశ్చిమ ప్రకాశంలో చంటిబిడ్డను చంకనేసుకుని ఇంటిల్లిపాదీ సంబరంగా ఊరు దాటడం ఎప్పుడు, ఎలా అలవాటైందో తెలుసుకోవాలంటే ఈ పట్టాల వెంట నడవాలి.

రైలు రాకముందూ పిల్లలు ఊరు దాటారు. అయితే అప్పుడు ప్రయాణానికి పెద్దలు చెప్పే కారణం ఒక్కటే: మొక్కు. బిడ్డకు మొదటి ఏడో, మూడో ఏడో, ఐదో ఏడో రాగానే పుట్టెంట్రుకలు తీయించాలి. కొందరికి మార్కాపురం చెన్నకేశవుడు ఇలవేల్పు, కొందరికి త్రిపురాంతకేశ్వరుడు, కొందరికి కోటప్పకొండ త్రికోటేశ్వరుడు. గూడుబండిలో జొన్న చొప్ప మందంగా పరిచి, మీద బొంత వేసి, అటూ ఇటూ ఇద్దరు ముసలమ్మలను ఆనకట్టలా కూర్చోబెట్టి మధ్యలో పిల్లలను వేసేవాళ్ళు. అంతా చెరువు గట్టు చూసి బండి విప్పి, మూడు రాళ్ళు పెట్టి వండుకు తిని, మళ్ళీ కదిలేవాళ్ళు. సరదాకు పోతున్నామని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. వెళ్ళిన పని దేవుడిది. దారి పొడుగునా దక్కేది మాత్రం పిల్లలదే.

ఈ సీమలో పిల్లల సంబరాలన్నీ నీళ్ళున్న చోటు చూసుకుని కుదిరాయి. వాన తక్కువ నేల, రాతి నేల. అందుకే ఇక్కడి తిరనాళలూ వనభోజనాలూ చెరువు గట్టునో, వాగు మడుగునో, కొండ జలపాతం కిందనో జరుగుతాయి. త్రిపురాంతకంలో బాలాత్రిపురసుందరి గుడి చెరువు నడుమే ఉంది. చంద్రశేఖరపురం దగ్గర భైరవకోనలో ఒకే కొండ రాతిని తొలిచిన ఎనిమిది గుహాలయాల ముందు నుంచి వాగు పారుతుంది, పైనుంచి జలపాతం దూకుతుంది. కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల అక్కడి అమ్మవారి మీద పడుతుందని పెద్దలు మేలుకుంటారు. పిల్లలకు పగలే పండుగ. రాచర్ల వైపు నల్లమలలో నెమలిగుండ్ల రంగనాయక స్వామి దగ్గరా అంతే: గుండ్లకమ్మ ఏరు కొండల్లోంచి వచ్చి మడుగు కట్టిన చోటే గుడి. శనివారం నాడు అక్కడికి పోయే కుటుంబాల సంచుల్లో కొబ్బరికాయతో పాటు పిల్లలకు రెండో జత బట్టలు తప్పకుండా ఉంటాయి.

అదే గుండ్లకమ్మను కంభం దగ్గర రెండు కొండల సందులో కట్టేశారు. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ ఈ చెరువును కట్టించిందని ఆ ఊరి నమ్మకం. అంటే పదహారో శతాబ్దం మాట. కట్ట ఎత్తు 57 అడుగులు, నిండితే చెరువు ఏడు కిలోమీటర్ల పొడుగున పరుచుకుంటుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుకూ, కర్నూలు–కడప కాలువకూ ఆ ఏడే ఆ గౌరవం దక్కింది. గుర్తింపు రాకముందు నాలుగు వందల ఏళ్ళకు పైగా ఆ కట్ట మీద పిల్లలు నడిచారు. సముద్రం ఎలా ఉంటుందో తెలియని మెట్ట ఊరి పిల్లలకు అవతలి ఒడ్డు కనపడని నీళ్ళంటే కంభం చెరువే. అయితే అది ఏటా నిండదు. నిండిందన్న కబురు తెలిస్తే చాలు, చుట్టుపక్కల ఊళ్ళు పిల్లాపాపలతో కదులుతాయి. ఏ పంచాంగంలోనూ లేని ఈ పండుగను ఎన్నేళ్ళకొకసారి జరపాలో వానే చెబుతుంది.

దొనకొండ నుంచి కంభం ప్రయాణం రైలు పుణ్యాన తేలికైంది. దొనకొండ తర్వాత గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, ఆ పైన కంభం. ఎడ్లబండికి రోజు పట్టే దూరాన్ని పొద్దున ఎక్కి మాపటికి తిరిగి రాగలిగేలా చేసింది ప్యాసింజరు బండి. పాలు మరవని బిడ్డ తల్లికి ఆ తేడా ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. రాత్రి బయట పడుకోవాల్సిన పని తప్పింది. చంటిపిల్లలు తిరనాళకు పోవడం మొక్కు నుంచి అలవాటులోకి జరగడానికి ఇది పెద్ద కారణం.

ఆవిరి ఇంజన్ల కాలంలో దొనకొండ మామూలు స్టేషన్ కాదు. బొగ్గు ఇంజను కొంత దూరం పోగానే నీళ్ళు పట్టాలి, నిప్పు చూడాలి, డ్రైవరూ ఫైర్‌మ్యానూ మారాలి. అలా లోకో షెడ్డు వచ్చింది, దాని వెంట రైల్వే కాలనీ, కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. తెల్లవాళ్ళ కాలంలోనే ఊరి పక్కన ఎయిర్‌స్ట్రిప్ కూడా వెలిసింది. రాష్ట్రం విడిపోయిన 2014లో రాజధానిగా దొనకొండ పేరు వినపడిందంటే ఈ పాత హంగులూ అందుకు ఒక ఆధారం. పిల్లలకు మాత్రం ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద వింత ఇంజను నీళ్ళు తాగడం. ప్లాట్‌ఫారం చివర నిలబడ్డ ఇనుప స్తంభం నుంచి ఏనుగు తొండంలా వేలాడే గొట్టాన్ని మనిషి లాగి ఇంజను వెనకున్న నీళ్ళ తొట్టి మీదికి తిప్పి, చక్రం విప్పగానే నీళ్ళు ధారగా దూకేవి. నిండాక గొట్టం పక్కకు తిప్పుతుంటే మిగిలిన నీళ్ళు నేల మీద చిందేవి. ఊరు దాటే వీలు లేని సాయంత్రాల్లో పిల్లవాడిని భుజాన ఎత్తుకుని తాతలు చూపించింది ఇదే. దీనికి టికెట్టు కూడా అక్కర్లేదు.

రైల్వే ఇళ్ళ పిల్లలకు ఇంకో వరం ఉండేది: పాసు. ఉద్యోగికీ కుటుంబానికీ ఏటా ఇచ్చే ఉచిత పాసు మీద వేసవిలో మద్రాసో, తిరుపతో, గోవా వైపో పోయి వచ్చేవాళ్ళు. బడి తెరిచాక వాళ్ళు చెప్పే కబుర్లు విని పక్కింటి రైతు బిడ్డలు కూడా మద్రాసు సముద్రం గురించి మాట్లాడగలిగారు. జీతంతో కూడిన సెలవు, సెలవుకు వీలుగా పాసు, పాసు మీద కుటుంబం మొత్తం. మొక్కుతో పని లేని సెలవు ప్రయాణం ఈ ప్రాంతానికి ఇలా రైల్వే క్వార్టర్ల గుండా వచ్చిందనడం సబబు. డిసెంబరులో ఆంగ్లో ఇండియన్ ఇళ్ళకు క్రిస్మస్, జనవరిలో తెలుగు ఇళ్ళకు భోగి. ఇక్కడ కేకు ముక్క, అక్కడ అరిసె. భోగి సాయంత్రం ఐదేళ్ళ లోపు బిడ్డను పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర డబ్బులు కలిపి తల మీద పోస్తే, కింద పడ్డవి ఏరుకోవడానికి వాకిట్లో పిల్లలందరికీ హక్కు ఉండేది.

మీటర్ గేజ్ పట్టాల మధ్య ఎడం పేరుకు తగ్గట్టు ఒక్క మీటరే. బ్రాడ్ గేజ్‌ది 1,676 మిల్లీమీటర్లు. ఇరుకు పెట్టె, చెక్క బల్లలు, నెమ్మది నడక. మూటలో పులిహోర, పెరుగన్నం, కూజాలో నీళ్ళు, పిల్లల కోసం విడిగా ఓ డబ్బాలో జంతికలు. కిటికీ చోటు కోసం అన్నదమ్ముల మధ్య యుద్ధం, గెలిచినవాడి కంట్లో బొగ్గు నలుసు. అప్పుడు తల్లి చీర చెంగును ఉండ చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊది, ఆ వెచ్చదనాన్ని కంటికి అద్దేది. రెండుసార్లు అద్దితే కన్నీళ్ళతో పాటు నలుసూ బయటికొచ్చేది. బండి వినుకొండకు ఇవతల గుండ్లకమ్మ స్టేషన్ చేరగానే, ఏటి పేరే స్టేషన్‌కు పెట్టారని పిల్లలకు ఎవరో ఒకరు చెప్పేవారు. ఐదేళ్ళ లోపు వాళ్ళకు టికెట్టు లేదు, పన్నెండు లోపు వాళ్ళకు అర టికెట్టు. ఆరేళ్ళ పిల్లలు టీసీ వచ్చినప్పుడల్లా అమ్మ ఒళ్ళో చిన్నవాళ్ళయిపోయేవారు.

ఈ దారి మీద పిల్లల జ్ఞాపకాల్లో అన్నిటికన్నా పెద్దది శివరాత్రి. శ్రీశైలం యాత్రికులు మార్కాపురం రోడ్డులో దిగి దోర్నాల మీదుగా కొండెక్కుతారు. చంటిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఎక్కువగా రెండో వైపు, నరసరావుపేట పోతారు. అక్కడ దిగితే పన్నెండు కిలోమీటర్ల పైచిలుకులో కోటప్పకొండ. వెదురు, మోకులు, రంగు బట్టలు, విద్యుద్దీపాలతో చుట్టుపక్కల ఊళ్ళు కట్టి తెచ్చే ప్రభలు ఎనభై అడుగులు దాటి లేస్తాయి. ఒక్కో ప్రభ ఒక ఊరి పరువు. ఆ దీపాల వెలుగుల కింద, డప్పుల మోతలో నాన్న భుజాల మీద కూర్చున్న బిడ్డకు కొండా కనపడదు, దేవుడూ కనపడడు. నడుస్తున్న దీపాల గోడలే కనపడతాయి. తెల్లారి ఇంకో ఆట ఉంటుంది. గొల్లభామ ఆనందవల్లి శాపం వల్ల ఈ కొండ మీద కాకి వాలదని కథ. అది విన్న పిల్లలు మెట్లెక్కినంత సేపూ కాకి కోసం ఆకాశం వెతుకుతారు, కాళ్ళ నొప్పి మరిచిపోతారు. ఆ కథను ఇన్ని తరాలు బతికించిన వాళ్ళలో పిల్లలను మెట్లెక్కించాల్సిన తల్లులు ముందుంటారు. కింద తిరనాళలో రంగులరాట్నం, బూరలు, పీచుమిఠాయి, జీళ్ళు. తిరుగు బండిలో అందరి ఒళ్ళోనూ బొరుగుల పొట్లాలు.

వేసవికి ఈ ఆర్భాటం లేదు. బడికి సెలవులివ్వగానే అమ్మమ్మ ఊరు, మామిడి తోట, మధ్యాహ్నం వామనగుంటలు. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు కుడి కాలువలోకి వదిలాక కురిచేడు, దర్శి వైపు ఊళ్ళకు కాలువ స్నానం కొత్త వేడుకైంది. సాయంత్రమైతే టూరింగ్ టాకీసు. డేరాలో నేల టికెట్టు కొని, ఇసుక మీద దుప్పటి పరిచి, మొదటి రీలుకే నిద్రపోయే బిడ్డను పక్కన వేసుకునేవాళ్ళు. 1963లో ‘లవకుశ’ వచ్చినప్పుడు తెలుగునాట బండ్లు కట్టుకుని మరీ పిల్లలతో పోయారు. ఇద్దరు పిల్లలు పాడుతుంటే చూడటానికి పిల్లలను తీసుకుపోని ఇల్లు ఉంటుందా!

సెలవులు అయిపోయే ముందు ఇంకో ప్రయాణం ఉండేది, మార్కాపురానికి. పలక కోసం. ఆ ఊరి చుట్టూ నేలలో పొరలు పొరలుగా దొరికే నల్లరాతిని గనిలోంచి తీసి, ఉలితో పలచగా చీల్చి, అరగదీసి, చెక్క చట్రం బిగించి దేశమంతటికీ పంపిన ఊరు అది. ఇతర సీమల పిల్లలకు పలక కొట్లో దొరికే సరుకు. ఇక్కడి పిల్లలకు అది పుట్టిన చోటు తెలుసు. పక్క ఊరి గని, తెలిసినవాళ్ళ చేతి పని. రాయి మంచిదో కాదో తెలియాలంటే వేలితో తట్టి చూడాలి. చీలిక ఉంటే మోత మారుతుంది. తండ్రి తట్టి చూపిస్తాడు, బిడ్డా తట్టి తల ఊపుతుంది. నోటు పుస్తకాలు పెరిగాక పలకల గిరాకీ పడిపోయింది. ఆ రాయి ఇప్పుడు ఇళ్ళ గోడలకూ నేలకూ పరిచే బిళ్ళలుగా విదేశాలకు పోతోంది. ఎందరికో అక్షరాలు దిద్దించిన ఊరు ఆ పనికి దూరం కావడం బాధే.

1990ల్లో దారి బ్రాడ్ గేజ్‌గా మారింది. బొగ్గు ఇంజన్లు పోయాయి, దొనకొండ షెడ్డుకు పని పోయింది, కాలనీ ఖాళీ అయింది. ప్రశాంతి, అమరావతి లాంటి ఎక్స్‌ప్రెస్‌లు దూరాలను దగ్గర చేశాయి, ఆ మేలు కాదనలేనిది. ఒకప్పుడు తిరుపతి వెంట్రుకల మొక్కు ఏడాది ముందు నుంచి అనుకునే ప్రయాణం. ఇప్పుడు అనుకున్న వారంలోనే పోయి వస్తున్నారు. అయితే చిన్న స్టేషన్ల పిల్లలకు ఎక్స్‌ప్రెస్ అంటే ఆగకుండా పోయే బండి. పొట్లపాడులోనో గజ్జెలకొండలోనో ఎక్కే తల్లికి ప్యాసింజరే దిక్కు. 2020 మార్చిలో కరోనాతో ఆగిన ప్యాసింజర్లు తిరిగి మొదలైనప్పుడు దేశమంతటా ఎక్స్‌ప్రెస్ స్పెషల్ పేరుతో నడిచాయి. పది రూపాయల కనీస ఛార్జీ ముప్ఫై అయింది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు పక్క స్టేషన్ తిరనాళకు పోయి రావాలన్నా లెక్క చూసుకోవాల్సి వచ్చింది. కూలి కుటుంబానికి ఆ తేడా అంటే రంగులరాట్నం డబ్బులు. 2024 ఫిబ్రవరి చివర్లో రైల్వే పాత ఛార్జీ తిరిగి తెచ్చింది. ఆ ఏడు శివరాత్రి మార్చి 8న పడింది. పది రూపాయల టికెట్టు వారం పైచిలుకు ముందే చేతికొచ్చింది.