స్లాబు దాటితే జీతం తగ్గుతుందా?

పోయిన నెల ఓ ఆదివారం మా వీధి చివర ఉండే తమ్ముడు ఇంటికొచ్చాడు. ఒంగోలు కుర్రాడు. ఇంగ్లండు వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. జీతం 49,000 పౌండ్ల నుంచి 52,000కి పెంచుతామన్నారట. అయినా మొహంలో సంతోషం లేదు. "అన్నా, యాభై వేలు దాటితే 40 శాతం పన్నంట కదా? ఇప్పుడొచ్చే దానికంటే చేతికి తక్కువొస్తే ఎట్టా? వద్దని చెప్పేయనా?" అన్నాడు.

నవ్వలేకపోయాను. హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో నేనూ ఇదే భయంతో నైట్ షిఫ్టులు వద్దన్నాను. "స్లాబు మారిపోద్దిరా, నువ్వు మేలుకున్నదంతా గవర్నమెంటుకే పోద్ది" అన్నాడో సీనియర్. ఇంజినీరింగ్ లెక్కల్లో మంచి మార్కులే వచ్చినవాణ్ణి, కాగితం మీద ఒక్క కూడిక వేసి చూసుకోలేదు. ఆ ఏడాదే చెల్లి కాలేజీ ఫీజుకి నాన్న అప్పు చేశాడు.

అందుకే తమ్ముడికి కాఫీ ఇచ్చి కాగితం తీశాను. ఇక్కడ మొదటి 12,570 పౌండ్ల మీద పన్ను లేదు. అక్కడి నుంచి 50,270 దాకా 20 శాతం, ఆ పైన 40 శాతం (స్కాట్లండులో లెక్క వేరు). కుళాయి కింద వరసగా మూడు బిందెలు పెట్టినట్టు అనుకోండి. మొదటిది నిండాకే రెండోది, రెండోది నిండాకే మూడోది. మూడో బిందెలో పడ్డ నీళ్లకే 40 శాతం. మొదటి రెండు బిందెల జోలికి ఎవరూ రారు. తమ్ముడికి పెరిగిన 3,000లో 1,270కి 20 శాతం, అంటే 254. మిగతా 1,730కి 40 శాతం, అంటే 692. నేషనల్ ఇన్సూరెన్సు కింద ఇంకో 136 పోయినా ఏడాదికి 1,918 పౌండ్లు చేతికి ఎక్కువే వస్తాయి.

తమ్ముడు కుదుటపడి వెళ్లాడు. నాకే ఒక ప్రశ్న మిగిలింది. ఇంతమంది చదువుకున్నవాళ్లకి, రెండు దేశాల్లోనూ, ఒకే తప్పు లెక్క ఎలా పట్టుకుంది? కొన్నాళ్లు చదివాక తెలిసింది, అది మొదట తప్పు లెక్క కాదు. ఒకప్పుడు పన్ను నిజంగానే అలా వేసేవాళ్లు.

1857 తిరుగుబాటు అణచడానికైన ఖర్చుతో భారత ఖజానా అప్పుల్లో పడింది. దాన్ని చక్కదిద్దమని లండన్ నుంచి జేమ్స్ విల్సన్‌ని కలకత్తా పంపారు. మొదట టోపీల వ్యాపారం చేసి, తర్వాత 1843లో 'ది ఎకానమిస్ట్' పత్రిక పెట్టిన మనిషి. 1860లో ఆయన తెచ్చిందే మన దేశపు మొదటి ఆదాయపు పన్ను. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయానికి పన్ను లేదు. 200 నుంచి 500 లోపు 2 శాతం. 500, ఆ పైన 4 శాతం. ఆ శాతం మొత్తం ఆదాయం మీద.

ఇప్పుడు లెక్క వేయండి. ఏడాదికి 499 రూపాయలు వచ్చే గుమాస్తా కట్టేది పది రూపాయలకి రెండు పైసలు తక్కువ. మిగిలేది 489. దొరగారు మెచ్చి ఒక్క రూపాయి పెంచితే పన్ను 20, మిగిలేది 480. రూపాయి పెరిగినందుకు తొమ్మిది రూపాయలు నష్టం! మా తమ్ముడు ఆ రోజుల్లో పుట్టుంటే జీతం పెంచొద్దని దణ్ణం పెట్టడమే తెలివైన పని.

ఇది విల్సన్ సొంత తెలివేం కాదు. ఫ్రాన్సుతో యుద్ధం కోసం 1799లో విలియం పిట్ బ్రిటన్‌లో తెచ్చిన పన్ను కూడా ఇంతే. 60 పౌండ్ల లోపు వాళ్లకి లేదు. అక్కడి నుంచి 200 దాకా మెట్టుమెట్టుకీ రేటు పెరుగుతూ, ఆ పైన పదో వంతు. యుద్ధం పన్ను కాబట్టి 1816లో ఎత్తేశారు. 1842లో పీల్ మూడేళ్లకే అని మళ్లీ తెచ్చాడు. ఆ మూడేళ్లు ఇంకా పూర్తవలేదు. ఇవాళ్టికీ చట్టం ప్రకారం ఇది ఏటా పార్లమెంటు పొడిగించే తాత్కాలిక పన్నే.

మళ్లీ మన వైపు వద్దాం. అప్పుడు మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెలియన్. మన కోస్తా, సీమ జిల్లాలు ఆయన కిందే ఉండేవి. (తెలంగాణ నిజాం ఏలుబడి కాబట్టి ఈ చట్టం అక్కడ లేదు.) కొత్త పన్నులు వద్దు, ముందు సైన్యం ఖర్చు తగ్గించండి అని ఆయన అడ్డం తిరిగాడు. తన అభ్యంతరాలను ఏకంగా పత్రికలకిచ్చేశాడు. మేనేజరు మీద కోపంతో కంపెనీ అందరికీ ఈమెయిల్ పెట్టినట్టన్నమాట. లండన్ వెంటనే వెనక్కి పిలిచింది. విల్సన్‌కీ గెలిచిన సంతోషం దక్కలేదు. వచ్చి ఏడాది తిరగకుండానే, 1860 ఆగస్టులో, విరేచనాల జబ్బుతో కలకత్తాలో పోయాడు. తమాషా ఏమిటంటే 1862లో ట్రెవెలియన్ ఆర్థిక సభ్యుడిగా తిరిగొచ్చాడు. 1865 బడ్జెట్లో ఈ పన్నును పొడిగించకుండా వదిలేసింది ఆయనే.

పన్ను పోయింది గానీ ఆ ఆలోచన పోలేదు. రకరకాల పేర్లతో వస్తూ పోతూ 1886 చట్టంతో కుదురుకుంది. అప్పుడే వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించారు కూడా. మొత్తం ఆదాయానికి ఒకే రేటు వేసే మెట్ల పద్ధతి మాత్రం 1939 సవరణ దాకా నడిచింది. ఆ సవరణతోనే బిందెల లెక్క, అంటే స్లాబు పద్ధతి, వచ్చింది. అంటే మా తాతల కాలంలో జీతగాళ్లు మెట్టు దగ్గర భయపడటంలో అర్థముంది. మెట్లు తీసేసి ఎనభై ఏళ్లు దాటింది. అక్కడ కాలు జారుతుందన్న జాగ్రత్త మాత్రం ఆఫీసుల్లో సీనియర్ నుంచి జూనియర్‌కి అందుతూనే ఉన్నట్టుంది.

అన్ని మెట్లూ పోయాయని కూడా అనలేను. ఇంగ్లండులో చిన్నపిల్లల తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి ఆదాయమైనా లక్ష పౌండ్లు దాటిందంటే, ఉద్యోగాలు చేసే వాళ్ల పిల్లలకిచ్చే ఉచిత సంరక్షణ గంటలు ఆగిపోతాయి. కొంచెం కొంచెంగా కాదు, మొత్తం. ఒక్క పౌండు చాలు. లండన్‌లో ఇద్దరు పసిపిల్లలున్న మా స్నేహితుడొకడు నిరుడు వచ్చిన బోనస్‌ని నేరుగా పెన్షన్లో వేయించేశాడు. అలా వేస్తే అది ఈ లెక్కలోకి రాదు. వాడి విషయంలో 1860 నాటి గుమాస్తా భయమే సరైన లెక్క.

తమ్ముడు మొన్న కొత్త పేస్లిప్పు ఫొటో పంపించాడు. కింద ఒక ప్రశ్న: "అన్నా, ఈ 1257ఎల్ ఏంది?" 12,570లో చివరి సున్నా తీసేశారని రాశాను. ఎల్ అంటే మామూలు మినహాయింపు ఉన్నవాళ్లకిచ్చే అక్షరం. ఆ సున్నా ఎక్కడికి పోయిందని మళ్లీ అడిగాడు. ఈ ఆదివారం కాఫీకి రమ్మన్నాను.