గులాబీ చుక్కల లెక్క

"మేడం, బాగా వేడి చేసింది. ఒంటికి పోతే మంట." మూసాపేటలో ల్యాబ్ పెట్టినప్పటి నుంచి ఈ మాట వినని వారం లేదు. మా అమ్మమ్మదీ అదే మాట. బార్లీ కాచేది, పల్లేరు కాయలు నలగ్గొట్టి మరిగించేది, సబ్జా నానబెట్టేది. నీళ్లు బాగా తాగడం మంచిదే, మూత్రనాళాన్ని కొంత కడుగుతుంది. అయితే వేడి అని పేరు పెట్టాక ఆ జబ్బును ఇంకెవరూ వెతకలేదు. చలవ చేసినా తగ్గకపోతే ఆడవాళ్లు ఓర్చుకున్నారు.

పాత వైద్యులు పరీక్ష చేయకపోలేదు. 17వ శతాబ్దపు యోగరత్నాకరంలో తైలబిందు పరీక్ష ఉంది. మూత్రం మీద నూనె చుక్క వేసి అది పరుచుకునే తీరు చూసేవారు. యునానీ హకీములు ఖారూరా అని సీసాలో పట్టించి రంగూ మడ్డీ చూసేవాళ్లు. మడ్డిలో ఉన్న క్రిమి కనబడాలంటే మైక్రోస్కోపు కావాలి. 1885లో థియోడోర్ ఎషరిక్ అనే పిల్లల డాక్టరు పసిబిడ్డల పేగుల్లో చూసిన క్రిమికి తర్వాత ఆయన పేరే పెట్టారు. మనం ఈ.కోలై అంటున్నది దాన్నే. మూత్రంలో మంటకు చాలాసార్లు కారణం అదే.

మందు మాత్రం మా ఇంటికి సైకిలు దూరంలోనే తయారైంది. మా నాయిన బాలానగర్ ఐడీపీఎల్‌లో పనిచేశాడు. 1961లో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ సోవియట్ సాయంతో ఇక్కడ సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు కట్టింది. షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన చొక్కా అంతా మందు వాసన. "సల్ఫా చేస్తున్నం బిడ్డా" అనేవాడు. అదెట్లా పనిచేస్తుందో నేను టెక్నీషియన్ కోర్సులో నేర్చుకున్నాను. క్రిములు తమకు కావలసిన ఫోలిక్ యాసిడ్ తామే వండుకోవాలి, మనకది తిండిలో దొరుకుతుంది. సల్ఫా ఆ వంట ఆపుతుంది, క్రిమి మాడుతుంది, ఆ దెబ్బ మనకు తగలదు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి చెప్పినప్పుడు నాయిన ముఖం వెలిగిపోయింది.

తర్వాత సల్ఫాకు ట్రైమెథోప్రిమ్ తోడై కోట్రిమోక్సజోల్ వచ్చింది. ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. ఆ కంపెనీ నార్‌ఫ్లాక్సాసిన్‌ను నోరిలెట్ పేరుతో అమ్మింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది కనుక, మన కెమిస్టులు వేరే దారిలో అదే మందు చేసి చౌకగా ఇవ్వగలిగారు.

మందు దొరికినంత సులువుగా పరీక్ష దొరకలేదు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పద్ధతి ఇది: మొదటి ధార వదిలేసి నడుమ ధార పట్టాలి. మిల్లీలీటరులో వెయ్యో వంతు పట్టే తీగ లూపుతో మెకాంకీ అగార్ ప్లేటు మీద గీసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. ఈ.కోలై ఉంటే తెల్లారి గులాబీ చుక్కలు మొలుస్తాయి. వంద చుక్కలుంటే మిల్లీలీటరుకు లక్ష క్రిములని లెక్క. లక్ష అనే గీత 1950లలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ గీసింది. 1982లో సియాటిల్‌లో విలియం స్టామ్ బృందం, మంటతో వచ్చిన ఆడవాళ్లలో ఆ సంఖ్య మిల్లీలీటరుకు వందే ఉన్నా ఇన్‌ఫెక్షన్ కావచ్చని చూపించింది. 1990లలో నేను మొదట పనిచేసిన ల్యాబులో ఆ మాట మాకెవరూ చెప్పలేదు. లక్షకు తగ్గితే 'నో సిగ్నిఫికెంట్ గ్రోత్' అని రాసేదాన్ని. మూడోసారీ అదే కాగితం అందుకున్న ఒకామె, "అంటే నేను అబద్ధమాడుతున్ననా అక్కా?" అని అడిగింది. ఆమె ప్లేటు మీద ముప్పై చుక్కలున్నాయి. ఆ ముప్పై నేను మరిచిపోలేదు.

1998లో సైబర్ టవర్స్ తెరిచాక మూసాపేట నుంచి ఆ వైపు ఉద్యోగాలకు పోయే ఆడపిల్లలు పెరిగారు. ట్రాఫిక్‌లో గంటలు, మీటింగ్ మధ్యలో లేవడానికి మొహమాటం, అందుకని నీళ్లే తాగకపోవడం. మంట మొదలైతే మెడికల్ షాపులో రెండు మాత్రలు కొని మింగి, తగ్గకపోతే అప్పుడు నా దగ్గరికొస్తారు. మాత్ర లోపలికి పోయాక ప్లేటు మీద చాలాసార్లు ఏమీ మొలవదు. వారం తిరిగేసరికి మంట మాత్రం మళ్లీ మొదలు.

మందు ఒంట్లోకే కాదు, నీళ్లలోకీ పోయింది. మా ముందున్న ముంబై రోడ్డు మీదే ముందుకు పోతే పటాన్‌చెరు. అక్కడ దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. మా నాయిన గర్వపడిన పరిశ్రమే ఇది. అందుకే ఆ అంకె నన్ను అంతగా బాధపెట్టింది.

ఇవాళ పొద్దున ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ప్లేటు తీశాను. ఏ మందు పనిచేస్తుందో చూడటానికి పెట్టిన బిళ్లల్లో, సిప్రో బిళ్ల అంచుదాకా క్రిమి మొలిచింది. పక్కన, 1953 నాటి పాత మందు నైట్రోఫ్యురాంటాయిన్ బిళ్ల చుట్టూ మాత్రం ఖాళీ వలయం. స్కేలు పెట్టి కొలిచి రాసుకుని ఫోన్ చేశాను. "షాపుకు పోకు బిడ్డా, వచ్చి కాగితం తీసుకుని డాక్టరమ్మకు చూపించు." ఆరింటికి వస్తానంది.